రంగు ఊడిన కుండీల గురించి, ఈ ఉగాది కుండీల గురించి

పోయిన ఉగాదికి మా దగ్గర రంగుల కుండీలు కొన్నవారందరికీ ముందుగా క్షమాపణలు. వానలు మొదలవకముందే రంగు పెచ్చులుగా లేచిపోయిందని చాలామంది ఫోన్లు చేశారు. ఒకావిడ ఏకంగా కుండీనే ఆటోలో వేసుకుని రాజమహేంద్రవరం వచ్చి, మాట్లాడకుండా మా బల్ల మీద పెట్టారు. నీలం మీద తెల్లటి మెలికల ముగ్గు వేసిన కుండీ. గోరు తగలగానే అరచేయంత పొర ఊడి నా చేతిలోకి వచ్చింది. దాని వెనక, మట్టి మీద, ఉప్పులా తెల్లటి పొడి.

రంగు నాసిరకమనుకున్నాను. వేరే రంగు తెచ్చి ఓ డజను కుండీలకు వేసి, మా పెరట్లోనే బంతి మొక్కలు పెట్టి చూశాను. రెండు నెలలకు అవీ అంతే. చివరికి మాకు కుండీలు చేసిచ్చే బాబాయిని అడిగాను. ఆయన నవ్వుతాడనుకుంటే కోప్పడ్డాడు. "కుండకు చెమట పడుతుందమ్మా! కూజాలో నీళ్ళు చల్లబడేది అందుకే కదా. అది ఆరే దారి లేకుండా నువ్వు పైన దుప్పటి కప్పావు."

నిజమే. కాల్చిన మట్టి నిండా కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలుంటాయి. మొక్కకు పోసిన నీరు కొంత గోడలోకి ఇంకి, బయటి వైపు వచ్చి ఆరిపోతుంది. యాక్రిలిక్ రంగు, దాని మీద మెరుపు కోసం నేను పూసిన వార్నిష్ కలిసి ఆ దారి మూసేశాయి. తేమ రంగు వెనక చేరి పొరను లేపింది. బోరు నీళ్ళలో, ఎరువుల్లో ఉండే లవణాలు అక్కడే పేరుకుని దాన్ని ఇంకా బయటికి తోశాయి. పైగా పండగ హడావుడిలో, కుండీలు పూర్తిగా ఆరకముందే కుంచె పట్టాం. ఆ తొందర నాదే.

పెళ్ళిళ్ళలో అరివేణి కుండలు చూసి పెరిగినదాన్ని. సున్నం పూసి, పసుపు, ఎరుపు రంగుల్లో గీతలు దిద్దిన ఆ కుండలు మా అమ్మ వాళ్ళింటి అటక మీద ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాయి. నా ధీమా అంతా అదే. వాటికి రోజూ చెంబెడు నీళ్ళు పోసేవాళ్ళు ఎవరూ లేరన్న సంగతి మాత్రం తట్టలేదు!

ఈసారి ఉగాది మార్చి 19న. నిండా రంగు వేసిన కుండీలు బాగా తగ్గించాం. ఎక్కువ వాటికి అంచు కింద నాలుగు వేళ్ళ వెడల్పున మాత్రమే ముగ్గు పట్టీ ఉంటుంది. అక్కడ లోపల మట్టి ఉండదు కాబట్టి తేమ తక్కువ. కింది భాగం మట్టి రంగులోనే ఉంటుంది. పని తగ్గింది కనుక ధర కూడా తగ్గించాను. నిండు రంగే కావాలంటే, కడియం నర్సరీల నుంచి తెచ్చే మొక్కను దాని ప్లాస్టిక్ కుండీతోనే లోపలికి దించండి. నీళ్ళు పోసేటప్పుడు బయటికి తీసి, నీరంతా కారిపోయాక మళ్ళీ పెట్టాలి. ఆ శ్రమ వద్దనుకునేవారికి నిండు రంగు కుండీ నేను అమ్మను. అద్దాలు, పూసలు అతికించినవి అసలే చేయడం లేదు. మన ఎండకు, నీటికి ఏ జిగురూ నిలవలేదు.

నాకు బాగా నచ్చినవి జాజు, సున్నం కుండీలు. తులసికోటకు మనం ఎప్పటినుంచో పూసేవి అవే కదా. సున్నం గాలి తగిలి గట్టిపడుతుంది, అయినా తేమను ఆపదు, అందుకే పెచ్చులుగా లేవదు. కాకపోతే వానకు మెల్లగా వెలుస్తుంది. మళ్ళీ పండగకు మళ్ళీ పూసుకోవాలి. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత ఫోన్ చేసి తిట్టకండి.

పిల్లలతో ఇంట్లోనే వేయించాలనుకునేవారికి ఉత్త కుండీ, జాజు పొడి, సున్నం, కుంచె కలిపి ఇస్తున్నాం. కుండీని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, దుమ్ము కడిగి, రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరనివ్వండి. ముందు జాజు పూసి, అది ఆరాక సున్నంతో ముగ్గు వేయాలి. సున్నం కళ్ళకు ప్రమాదం, చర్మాన్నీ మండిస్తుంది. కాబట్టి దాన్ని కలపడం, ముగ్గు వేయడం పెద్దవాళ్ళ పని. జాజు పూత పిల్లలకు వదిలేయండి. అడుగున రంధ్రం మూసుకుపోకుండా చూసుకోండి.

పోయినేడు కొన్న కుండీకి రంగు ఊడి ఉంటే తీసుకురండి. రసీదు అక్కర్లేదు, మా ముగ్గులు మేం గుర్తుపడతాం. పాత రంగు గీకేసి జాజు, సున్నం ఉచితంగా వేసిస్తాం. వద్దంటే డబ్బు వెనక్కి ఇస్తాం. అలా ఇచ్చిన డబ్బుకే పోయిన పండగ లాభం చాలావరకు సరిపోయింది, అయినా ఇస్తాం. కుండీ పగిలిపోయి ఉంటే పెంకులైనా తీసుకురండి. కొత్త కుండీల అడుగున రంధ్రాల మీద వేయడానికి మాకు పెంకులు కావాలి.

18వ తేదీ రాత్రి తొమ్మిది దాకా దుకాణం తెరిచే ఉంటుంది. పండగ రోజు సెలవు.