శీనూ, ఇక్కడ పెంకులు పగలగొట్టరు

ఒరేయ్ శీనూ,

"కరాటే కరాటే అంటున్నావు, ఇంతకీ ఎన్ని పెంకులు పగలగొట్టావురా?" అని అడిగావు కదా. ఒక్కటీ లేదు. జపాన్ దక్షిణాన ఉన్న ఈ ఒకినావా దీవిలో నేను వెళ్లే డోజోలో, అంటే కరాటే నేర్పే శాలలో, ఆ ముచ్చటే లేదు. కమిలిపోయేవల్లా మన చేతులే! నేను నేర్చుకుంటున్నది ఉయెచి-ర్యూ అనే కరాటే పద్ధతి. దాని పుట్టుక కథ భలే ఉంటుంది, తీరిగ్గా చదువు.

దీనికి మూలపురుషుడు కన్‌బున్ ఉయెచి. 1877లో ఒకినావా ఉత్తరాన మోతోబు వైపు పుట్టాడు. 1897లో చైనాలోని ఫూఝౌకి ఓడెక్కేశాడు. యుద్ధవిద్య మీద మోజు ఉంది, నిజమే. కానీ జపాన్ సైన్యంలో బలవంతపు భర్తీ తప్పించుకోవడం కూడా అసలు సంగతే. మరుసటి ఏడాదే ఒకినావాలో ఆ చట్టం అమల్లోకి వచ్చింది. ఫూఝౌలో షూ షివా అనే గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకుని, తనూ నేర్పడం మొదలుపెట్టాడు. ఇంతలో పొలం నీళ్ల గొడవలో శిష్యుడొకడు ఎదుటివాణ్ణి కొట్టి చంపాడట. కాలవ గట్టు తగాదాలు మనకేం కొత్త! దాంతో ఇక నేర్పనని ఒట్టేసుకుని 1910లో ఇంటికొచ్చేశాడని చెబుతారు.

వచ్చాక ఏళ్లకేళ్లు నోరు విప్పలేదు. 1924లో పని వెతుక్కుంటూ జపాన్ ప్రధాన భూభాగంలోని వకయామా వెళ్లి నూలు మిల్లులో చేరాడు. అక్కడ ర్యూయు తొమొయొసె అనే ఒకినావా కుర్రాడు ఈయన్ని కనిపెట్టాడు. నేర్పమంటే నేర్పడు కదా, అందుకని "ఎవడైనా ఇలా మీదికొస్తే ఏం చేస్తారు?" అని రోజుకో ప్రశ్న వేసేవాడట. ఈయన చేసి చూపించేవాడు. ఆఖరికి ఒప్పుకోక తప్పలేదు. ఆ కుర్రాడి తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు. ఉయెచి-ర్యూ అన్న పేరు 1940లోగానీ స్థిరపడలేదు.

కన్‌బున్ నేర్పిన కటాలు, అంటే వరసగా చేసే అడుగులూ దెబ్బల సాధనలు, మూడే: సాన్‌చిన్, సేసాన్, సాన్‌సేర్యూ. కొడుకు కనెయ్ కాలానికి అవి 8 అయ్యాయి. అయినా అన్నింటికీ ప్రాణం సాన్‌చినే. చూస్తే ఏమీ ఉండదురా! కాలివేళ్లు కాస్త లోపలికి, మోచేతులు పక్కటెముకలకి పిడికెడు దూరంలో, అరచేతులు తెరిచి, మెల్లగా మూడడుగులు. సెన్సెయ్, అంటే మా గురువుగారు, చుట్టూ తిరుగుతూ భుజాల మీద ఫట్‌మని రెండు చేతులతో చరుస్తారు, తొడ మీద తంతారు, పొట్టలో గుద్దుతారు. ఊపిరి బిగబట్టావా, దొరికిపోయావే.

తర్వాత కొతెకితాయె. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి ముంజేతుల్ని ఒకదానికొకటి ఠప్‌ఠప్‌మని కొట్టుకోవడం, ఆపైన కాళ్లు. మొదట్లో చేతులు నల్లబడి, ఆఫీసులో పొడుగు చేతుల చొక్కాలే వేసుకున్నాను. నా జోడీ డెబ్బై దాటిన పెద్దాయన. ఆయన ముంజెయ్యి తగిలితే ఇనప గొట్టం తగిలినట్టే. ఇక్కడ తన్నడం కూడా పాదంతో కాదు, బొటనవేలి కొనతో. దానికి నాకింకా ధైర్యం చాలడం లేదు.

డిసెంబరులో వస్తున్నావుగా, ఓ సాయంత్రం తీసుకెళ్తా. పక్కన కూర్చుని చూడొచ్చు. పెద్దాయన నవ్వుతూ రమ్మని పిలిచాడంటే మాత్రం ముందు చేతి గడియారం తీసి జేబులో వేసుకో.

నీ
రవి