ఫిర్యాదు మూసేసిండ్రట, కార్బొరేటర్ కారుతనే ఉన్నది

కస్టమర్ కేర్ విభాగం పెద్ద సారుకు లేదా మేడమ్‌కు,
(పేరు పెట్టి రాద్దామంటే ఎవరిని అడిగినా చెప్పలేదు.)

విషయం: “పరిష్కరించబడింది” అని మీరు మెసేజ్ పంపిన, ఎవ్వరూ పరిష్కరించని నా ఫిర్యాదు.

అయ్యా, అమ్మా,

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు మండలం. కల్లు గీత మా కులవృత్తి. నా పాత ఎక్సెల్ మోపెడ్‌కు మీ దగ్గర ఒక కార్బొరేటర్ తెప్పించుకున్న. బిగించిన నాటి నుంచి పెట్రోల్ కారుతున్నది. బండి చేసిన కంపెనీతోని నాకు ఏ పంచాయితీ లేదు. నా పంచాయితీ ఈ కార్బొరేటర్ అమ్మిన మీతోనే.

సామాను అన్నంక ఎప్పుడో ఒకటి చెడ్డది వస్తది. అంత మాత్రానికి ఉత్తరాలు రాసేటోన్ని కాదు నేను. మార్చిస్తే పొయ్యేది. నాకు కడుపుల మండుతున్నది కార్బొరేటర్‌కు కాదు, ఆ తర్వాత మీరు నన్ను ఆడిచ్చిన ఆటకు. అది మొత్తం రాస్తున్న. ఫోన్‌ల అయితే సగంల కట్ చేస్తరు. కాగితాన్నయితే కట్ చేయలేరు కదా.

మీ నంబరుకు చేస్తే తెలుగు కోసం నాలుగు నొక్కమన్నది. నొక్కిన. మ్యూజిక్ పెట్టిండ్రు. ఆ మ్యూజిక్ ఇప్పుడు మా ఇంటామెకు కూడా నోటికొచ్చింది, పొయ్యి కాడ కూసొని కూనిరాగం తీస్తది. తీరా ఎత్తినామె హిందీల మాట్లాడింది. మా నల్లగొండోళ్లకు హిందీ రాక కాదు, నిజాం కాలం నుంచి ఉర్దూ చెవుల పడుతనే ఉన్నది. కానీ కార్బొరేటర్ గిన్నెల పెట్రోల్ నిండంగనే ఫ్లోట్, అంటే తేలే బుడ్డి, పైకి లేసి దారి మూపించే సూదిని ఫ్లోట్ నీడిల్ అంటరు, అది దాని సీటు మీద సక్కగ కూసుంటలేదని హిందీల ఎట్ల చెప్పాలె? చెప్పిన కాడికి చెప్పిన. ఆమె “సీటు” అన్న మాట పట్టుకొని, సీటు కవర్ల విభాగానికి కలుపుత అన్నది. కలిపింది కూడా! అక్కడాయన నల్లరంగు కావాల్నా, ఎర్రరంగు కావాల్నా అని అడిగిండు.

తర్వాత తెలుగు పిలగాడే దొరికిండు. మంచోడే. “సర్, ముందుగా బ్యాటరీ చార్జింగ్ చెక్ చేశారా?” అన్నడు. ఈ బండికి బ్యాటరీ ఉండదు తమ్మీ, మాగ్నెట్ తిరిగితే దాంట్లకెళ్లే కరెంటు పుట్టి ప్లగ్గుకు స్పార్కు వస్తది అని చెప్పిన. “ఓకే సర్, సెల్ఫ్ స్టార్ట్ బటన్ నొక్కి పట్టుకోండి” అన్నడు. సెల్ఫ్ లేదు, కిక్కే అన్న. “ఇంజిన్ ఆయిల్ లెవెల్ ఎంతుంది సర్?” ఇది టూ స్ట్రోక్ బండి, ఆయిల్ పెట్రోల్లనే కలిపి పోస్తం, లీటరుకు 20 మిల్లీలీటర్లు అన్న. అటు దిక్కు కాసేపు సప్పుడు లేదు. మళ్ల అడిగిండు, “డిస్‌ప్లేలో ఏదైనా ఎర్రర్ కోడ్ చూపిస్తోందా సర్?” నా బండికి ఉన్న డిస్‌ప్లే ఒక్క స్పీడోమీటర్. దాని ముల్లు నా బిడ్డ పదో తరగతిల ఉన్నప్పుడే సున్నా మీద పండుకున్నది, ఇంతవరకు లేవలేదు. అదే చెప్పిన. “నోట్ చేసుకున్నాను సర్” అన్నడు. ఏం నోట్ చేసుకున్నడో ఆ దేవునికే తెల్వాలె.

ఆ పిలగాన్ని నేను తిడుతలేను. ముందర కాగితం పెట్టి ఇది చదువు అన్నరు, చదివిండు. ఆ కాగితం రాసిన పెద్దమనిషి జన్మల ఎన్నడన్న మోపెడ్‌కు కిక్కు కొట్టిండా అన్నదే నా అనుమానం.

నేనేదో ఊహించుకొని చెప్తలేను. ముందుగాల ప్లగ్గు ఇప్పి చూసిన. నల్లగ, తడితడిగ ఉన్నది. తుడిచి, సందు సరిచేసి పెట్టిన. మళ్ల తడిసింది. పెట్రోల్ కాక్ బందు పెడితే కారుడు ఆగుతది, తిప్పితే షురూ. గిన్నె ఇప్పి ఫ్లోట్‌ను చెవికాడ పెట్టి ఊపిన, లోపల పెట్రోల్ చేరిన సప్పుడు లేదు. నీడిల్ కొసకు గీత లేదు. అయినా మార్చి, నా పాత కార్బొరేటర్ నీడిల్ వేసి చూసిన. అదే కారుడు. ఇగ కార్బొరేటర్‌ను తలకిందులు చేసి, పెట్రోల్ పైపుల నోటితోని ఊదిన. నీడిల్ మూసుకోవాలె, గాలి ఆగాలె. ఆగలేదు, సాఫీగ పోతున్నది. అంటే నీడిల్ కూసునే ఇత్తడి సీటే వంకర. అది బాడీల గుద్ది పెట్టిన ముక్క, ఇంట్ల మార్చేది కాదు. ఈ ముచ్చట మొత్తం ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పిన. ఒక్కరన్న చివరిదాక ఇన్నరా? “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం” అన్న మాట నడుమల వచ్చి పడతది, అక్కడితోని నా మాట ఖతం.

వీడియో పంపుమన్నరు. చుక్క చుక్క కారుతున్నది మంచిగ కనపడేటట్టు మా బిడ్డ తీసి పంపింది. ఫైలు పెద్దగున్నదన్నరు. చిన్నది చేసి పంపితే, అది పెట్రోలో నీళ్లో స్పష్టంగా తెలుస్తలేదన్నరు. ముట్టిచ్చి చూపెట్టుమంటరా? కారిన పెట్రోల్ వేడి సైలెన్సర్ మీద పడితే ఏమైతదో మీకు తెలుసో తెల్వదో, నాకైతే తెలుసు. ఆ భయానికే దాన్ని ఇప్పి పక్కకు పెట్టిన. తర్వాత ఇంకొకామె డబ్బా కోసేటప్పుడు తీసిన వీడియో ఉన్నదా అని అడిగింది. అమ్మా, మా పెండ్లికే వీడియో తీయించలేదు, కార్బొరేటర్ డబ్బాకు తీయిస్తనా?

బండి ఫొటోలు కూడా అడిగిండ్రు. అక్కడ దొరికిన మీకు. సీటు ఎనక క్యాన్లు పెట్టుకోనీకె ఇనుప స్టాండు వెల్డింగ్ చేయించిన. ఎనక చైను చక్రం రెండు పళ్లు పెద్దది వేసిన. స్పీడు తగ్గినా బరువు మంచిగ గుంజుతది, దిబ్బ ఎక్కేటప్పుడు ఇంజన్ మొరాయించదు. మా దిక్కు ఏ మార్పూ చేయని ఎక్సెల్ చూడాలంటే షోరూంకు పోవాలె. పాలోళ్లయినా, కూరగాయలోళ్లయినా, బత్తాయి తోటలోళ్లయినా, ఇంటికి తెచ్చుకున్న మర్నాడే వెల్డింగ్ షాపుకు తోలుకపోతరు. మీవాళ్లు ఆ ఫొటో చూసి, “వాహనాన్ని మాడిఫై చేశారు కాబట్టి వారంటీ వర్తించదు” అని రాసిండ్రు. అయ్యా, ఎనక చక్రం పళ్లకూ ముందట కార్బొరేటర్ కారుడుకూ ఏం చుట్టరికం? మేనమామా, మేనబావా? పెట్రోల్ ట్యాంకి కెళ్లి గిన్నెలకు వస్తది. బండి స్టాండు వేసి, ఇంజన్ బందు పెట్టి, వాకిట్ల ఊకె నిలబెట్టినా కారుతున్నది. నిలబడ్డ బండికి చక్రం పళ్లు ఎన్ని ఉంటే ఏంది?

అసలు బండికి బిగించకుండ, చేతుల పట్టుకొని ఊదినా గాలి పోతున్నదని చెప్పిన కదా! దానికి జవాబేందంటే, అధీకృత సర్వీస్ సెంటర్‌ల బిగించిన జాబ్ కార్డు, బిల్లు కావాల్నట. మీ లెక్కల ఉన్న సెంటర్ హైదరాబాద్‌ల ఉన్నది. కారే కార్బొరేటర్ పెట్టుకొని హైవే మీద ఆడిదాక ఎట్ల రావాలె? మోసుకొని రావాల్నా? నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి నా బండి నేనే చేసుకుంట. మా నాయన లూనా నడిపెటోడు, దాని మీదనే పాయింట్ల సందు పెట్టుడు నేర్చుకున్న. రింగులు మార్చినా, సైలెన్సర్ ఇప్పి కార్బన్ గీకినా, ఇంజన్ పట్టేస్తే బోరింగ్‌కు ఇచ్చి తెచ్చి మళ్ల ఎక్కిచ్చుకున్నా నేనే. నాకు సర్టిఫికెట్ లేదు. మా ఊరోళ్లు సర్టిఫికెట్ అడగకుండనే బండ్లు తెచ్చి నా వాకిట్ల పెడతరు.

మీ వెబ్‌సైట్ గురించి కూడా ఒక మాట. అండ్ల నల్లగొండ కొడితే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని వస్తది, మార్చనియ్యదు. 2014 జూన్ 2 నాడు తెలంగాణ వచ్చింది. దాని కోసం ఎంత లొల్లి నడిచిందో దేశమంత చూసింది, మీ కంప్యూటర్ ఒక్కటే చూడలేదు. అందుకేనేమో, సామాను వాపసు తీసుకపోతమని చెప్పి పంపిన కొరియర్ “అడ్రస్ దొరకలేదు” అని రాసి మర్లిపోయిండు. 2022 నవంబర్ల మునుగోడు ఉప ఎన్నికప్పుడు అన్ని పార్టీల లీడర్లకు మా ఊరి సందులు కూడా దొరికినయి. ఓటుకు దొరికిన అడ్రస్ కార్బొరేటర్‌కు దొరకదా?

ఇగ అన్నిటికంటె పెద్ద ముచ్చట ఇది. “పై అధికారి మీకు స్వయంగా ఫోన్ చేస్తారు” అన్నరు. ఎప్పుడు అంటే 24 నుంచి 48 గంటలు. ఎవరిని అడిగినా, ఏది అడిగినా ఆ 24 నుంచి 48 గంటలే! ఆ సారు తీరా ఫోన్ చేసింది పొద్దుగాల, నేను తాడిచెట్టు మీద ఉన్నప్పుడు. నడుముకు మోకు, కాళ్లకు బంధం, చేతిల కత్తి. ఫోనేమో చెట్టు కింద అంగీ జేబుల మోగుతున్నది. ఎత్తాలంటే దుంకాలె. దిగి వచ్చి చేస్తే అది వాళ్లు చేసెటందుకే గాని మనం చేస్తే ఎత్తే నంబరు కాదట. జరసేపటికే మెసేజ్ వచ్చింది: కస్టమర్ స్పందించలేదు, మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు? ఒక్క స్టారు ఇచ్చిన. దానికి మాత్రం నిమిషంల జవాబు వచ్చింది, “మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు” అని. మీ దగ్గర పనిచేసేది అదొక్కటే ఉన్నట్టున్నది.

ఇంతకాలం మీ సామానే వాడిన. కేబుళ్లు, గాస్కెట్లు, క్లచ్ షూలు, పిస్టన్ రింగులు, అన్నీ మీ ప్యాకెట్లే. సగం ధరకు దొరికేటి డూప్లికేట్ సామాను వద్దు, ఇది మన్నుతదని మా సుట్టుపక్కల గీత కార్మికులందరికీ చెప్పింది నేనే. చండూరు అంగడిల ఎవరన్న ఏ కంపెనీ తీసుకోవాలె మామా అని అడిగితే మీ పేరే చెప్పిన. మీరు నాకు జీతం ఇయ్యలేదు, నేను అడగలేదు. గిప్పుడు వాళ్లే ఎదురొచ్చి, ఏమైంది మామా నీ కంపెనీ అని నవ్వుతున్నరు. ఆ నవ్వుకు మీ వారంటీ కార్డుల ఏమన్న లెక్క ఉన్నదా?

మీకు ఇంకొకటి కూడా తెల్వదు. కల్లు ఆగదు. పొద్దుగాల దింపిన కల్లు ఎండ ముదిరే లోపల మండువకు, అంటే కల్లు అమ్మే కాడికి, చేరాలె, గంట గంటకు పులుస్తది. పాత కార్బొరేటర్ స్లైడు అరిగి గాలి గుంజుతున్నది, స్లో నిలబడదు, సిగ్నల్ కాడ, మలుపుల కాడ బండి బందు పడతది. అందుకే కదా కొత్తది తెప్పించింది! మళ్ల ఆ పాతదే వేసుకొని, రేస్ ఇచ్చుకుంట ఇచ్చుకుంట తిప్పుతున్న. ఆలస్యమై పులిసిన లొట్టి ఎవరు కొంటరు? మీ 48 గంటలల్ల కల్లు సిర్కా అయితది.

మా బిడ్డ నల్లగొండల డిగ్రీ చదువుతది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020ల వచ్చిన ఆన్‌లైన్ వ్యాపారం నియమాలు ముందరేసుకొని నాకు చదివి చెప్పింది. ఫిర్యాదు అందిందని 48 గంటలల్ల చెప్పాలెనట, నెల దాటకుండ తేల్చాలెనట. ఆ పని చూసే అధికారి పేరు, ఫోన్ నంబరు వెబ్‌సైట్ల పెట్టాలెనట. మీ దాంట్ల ఎంత ఎతికినా ఒక్క బొమ్మపిల్ల తప్ప ఎవ్వరు లేరు. హెడ్‌సెట్ పెట్టుకొని నవ్వుతది, మాట్లాడది. కేసు వేయనీకె మీ ఊరికి రానక్కర లేదు, నేను ఉన్న కాడనే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌ల వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకు ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసుడు కూడా తెలుసు. ఆ కారే కార్బొరేటర్‌ను పారేయలేదు. మీ డబ్బాలనే, మీ బిల్లుతోనే భద్రంగా పెట్టిన. కమిషన్ ముందర జడ్జి సారు ఎదుటనే ఊది చూపెడత, గాలి పోతదో లేదో ఆయననే చూడుమంట.

అంతదాక రానియ్యాల్నా వద్దా అన్నది మీ చేతుల ఉన్నది. కార్బొరేటర్ మార్చియ్యండ్రి, లేకుంటె పైసలు వాపసు ఇయ్యండ్రి, ఏదైనా సరే. కానీ దానికంటె ముందు ఫిర్యాదు మళ్ల తెరువుండ్రి. ఫ్లోట్ అంటే ఏందో తెలిసిన మనిషితోని ఒక్కసారి ఫోన్ చేయించుండ్రి. మాడిఫై చేసిండు అని రాసిన మాటను కాగితం మీద వాపసు తీసుకోండ్రి. అది నా మీద దొంగతనం వేసినట్టున్నది. జవాబు రాకుంటె, మా మండలంల గీత కార్మికులు కూడే ప్రతి మండువ కాడ మీ పేరు నేనే చెప్త. ఇంతకుముందు మంచిగ చెప్పింది కూడా నేనే అని యాది పెట్టుకోండ్రి.

ఇట్లు,
మీ దగ్గర టికెట్ నంబరుగ మాత్రమే ఉన్న కస్టమర్,
మునుగోడు మండలం, నల్లగొండ జిల్లా, తెలంగాణ.

జతపరిచినవి: బిల్లు నకలు, మీరు పంపిన మెసేజ్‌ల ఫొటోలు, పెద్ద వీడియో, చిన్న వీడియో.

మరొక్క మాట: ఫోన్ చేసేది ఉంటే పొద్దుగాల పది దాటినంక చేయుండ్రి. అంతకు ముందు చెట్టు మీద ఉంట.