కక్కే పెన్నును దారికి తెచ్చిన మిత్రులందరికీ కృతజ్ఞతలు

ఫౌంటెన్ పెన్ను మిత్రులందరికీ నమస్కారం.

ఈ మధ్య ఇక్కడ మిమ్మల్ని అడిగిన నా పెన్ను ఇదీ: నల్ల ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) పెన్ను, చేత్తో చేసినది. ఫిల్లర్‌తో నేరుగా బ్యారెల్‌లోకి ఇంకు పోసుకునే రకం. 3 మిల్లీలీటర్లు పడుతుంది, పాళీ 6 నంబరు. దానికి మూడు జబ్బులు: పట్టుకునే చోట వేళ్లకు ఇంకు అంటడం, ఇంకు సగం దిగాక కాగితం మీద బొట్లు రాలడం, ఠ, ణ లాంటి గుండ్రటి అక్షరాల దగ్గర గీత తెగిపోవడం. మీరందరూ కలిసి మూడింటినీ కుదిర్చారు. రెండు వారాలుగా వేలికి చుక్క అంటలేదు. థాంక్స్ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మీరు పెట్టిన శ్రమకు అది చాలదు. అందుకే ఎవరు ఏం చెప్పారో, అది ఎందుకు పనిచేసిందో ఒకచోట రాసి పెడుతున్నాను. ఇదే బాధ ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

పెన్ను చేసినవాళ్ల పేరు చాలామంది అడిగారు. అది రాయడం లేదు. ఈ జబ్బుల్లో కొంత వాడే తీరులోంచి వచ్చిందే. మిగతావి కొత్త పెన్నుల్లో అప్పుడప్పుడు కనిపించేవే.

మొట్టమొదటి కృతజ్ఞత టిష్యూ పరీక్ష చెప్పిన అక్కగారికి. "కారుతోంది అంటే సరిపోదు, ఎక్కణ్ణుంచి కారుతోందో చెప్పండి" అని అడిగింది ఆవిడ ఒక్కరే. పరీక్ష ఇలా: పెన్ను కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఇంకుకు బదులు మామూలు నీళ్లలో రెండు చుక్కల ఇంకు కలిపి, ఆ రంగు నీళ్లు నిండా పోయాలి. సెక్షన్ (వేళ్లతో పట్టుకునే ముందు భాగం) బిగించి, అది బ్యారెల్‌కు బిగిసే మరలు (స్క్రూ చుట్లు) ఉన్న చోట ఒక టిష్యూ చుట్టి, పాళీకి ఇంకో టిష్యూ చుట్టి, పాళీ కిందికి ఉండేలా గ్లాసులో నిలబెట్టి రాత్రంతా వదిలేయాలి. పొద్దున మరల దగ్గరి టిష్యూ తడిస్తే మరలు సరిగా మూసుకోవడం లేదని. పాళీ టిష్యూ మీద చిన్న మచ్చ ఉంటే ఫరవాలేదు, అది సహజం. మొత్తం తడిసి ముద్దయితే పాళీ, దాని కింద ఇంకును మొనకు అందించే నాలుక సరిగా కూర్చోలేదని. బ్యారెల్ మీద ఎక్కడైనా సన్నటి తడి గీత కనిపిస్తే పగులు ఉన్నట్టు. దానికి గ్రీజు వైద్యం పనిచేయదు. నా పెన్నుకు మరల దగ్గరి టిష్యూ తడిసింది, పాళీది కూడా బాగానే తడిసింది. అంటే రెండు దారులు. ఈ పరీక్ష లేకపోతే ఒకదాన్ని సరిచేసి, ఇంకా కారుతోందని పెన్నునే తిట్టుకునే పరిస్థితి.

మరల విషయంలో దారి చూపింది సిలికాన్ గ్రీజు అన్నయ్యగారు. వ్యాజలీన్ రాద్దామన్నవాళ్లకు ఆయన చెప్పిన కారణం అందరూ గుర్తుపెట్టుకోవాలి: వ్యాజలీన్ పెట్రోలియం సరుకు. పెన్నులో రబ్బరు రింగు ఉంటే దాన్ని ఉబ్బించి పాడుచేస్తుంది, ఎండాకాలం కరిగి ఇంకులోకి దిగుతుంది. సిలికాన్ గ్రీజు నీళ్లలో కలవదు, వేడికి కారిపోదు. ఆవగింజంత చాలు. ముందు పాత టూత్‌బ్రష్‌తో మరల్లో ఎండిన ఇంకు దులిపేసి, గ్రీజును టూత్‌పిక్‌తో తీసి మధ్య మరల మీద మాత్రమే చుట్టూ రాయాలి. ఇంకు వైపు ఉండే చివరి రెండు చుట్లు వదిలేయాలి. అక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఆ చివరన రాసిన గ్రీజు ఇంకులో పడి నాలుక గాడిలోకి చేరితే, గ్రీజు అంటిన చోట ఇంకు నిలవదు, పెన్ను ఎండిపోయినట్టు రాస్తుంది. అప్పుడు అది ఇంకో జబ్బు. సెక్షన్ వేళ్లతో ఎంత బిగిస్తే అంతే. పట్టకారు పెడితే ఎబొనైట్ పగులుతుంది. పైకి వచ్చిన గ్రీజు తుడిచేయాలి. మూడు నాలుగు సార్లు ఇంకు పోశాక మళ్లీ కొంచెం రాసుకుంటే సరి. ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు తాత్కాలికంగా ఆపుతుంది గానీ, మందంగా చుడితే బ్యారెల్ నోరు లోపలి నుంచి ఒత్తిడికి చిట్లుతుంది. ఆ హెచ్చరికకు కూడా ఆయనకే కృతజ్ఞతలు.

ఇక బొట్లు రాలడం. దీన్ని "పెన్ను కక్కుతోంది" అని బళ్లో అనేవాళ్లం. మన మిత్రుల్లో ఒకరైన మాస్టారు ఆ మాటతోనే మొదలుపెట్టి, లెక్క వేసి మరీ చూపించారు. ఆ లెక్క ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఇంతకంటే బాగా చెప్పడం కుదరదు.

బ్యారెల్‌లో ఇంకు తగ్గిన కొద్దీ ఆ చోటు గాలి ఆక్రమిస్తుంది. చేతి వేడికి గాలి వ్యాకోచిస్తుంది. బయటకు పోవడానికి దానికి ఉన్న దారి నాలుక ఒక్కటే, దాని ముందు ఇంకు అడ్డంగా ఉంటుంది. కాబట్టి ఇంకునే తోస్తుంది. 3 మిల్లీలీటర్ల పెన్నులో 1 మిల్లీలీటరు ఇంకు, 2 మిల్లీలీటర్ల గాలి ఉన్నాయనుకోండి. 25 డిగ్రీల నుంచి 32 డిగ్రీలకు వేడెక్కితే గాలి సుమారు 0.05 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అంటే సరిగ్గా ఒక చుక్క. 22 డిగ్రీల ఏసీ గదిలోంచి మే నెల ఎండలోకి, 42 డిగ్రీలకు తీసుకెళితే సుమారు 0.14 మిల్లీలీటర్లు, దాదాపు మూడు చుక్కలు! నాలుక మీద చెక్కిన గాళ్లు కొంత ఇంకును పట్టి ఉంచుతాయి, మిగిలింది చొక్కా మీదికి. అదే పెన్ను నిండుగా ఉండి 0.3 మిల్లీలీటర్ల గాలే ఉంటే, అదే ఎండలో పెరిగేది 0.02 మిల్లీలీటర్లు మాత్రమే. నాలుక ఆ మాత్రం హాయిగా పట్టుకుంటుంది.

మందు కూడా ఈ లెక్కలోనే ఉంది. మూడో వంతుకు దిగకముందే మళ్లీ నింపాలి. చివరి చుక్క వరకూ లాగాలనే పొదుపే బట్టలు పాడుచేస్తుంది. సగానికి దిగిన పెన్నును రాసే ముందు పాళీ పైకి ఉండేలా గుప్పిట్లో ఒక నిమిషం పట్టుకోవాలి. అప్పుడు గాలి పైన, నాలుక దగ్గరే ఉంటుంది. వ్యాకోచించినా ఇంకును తోయకుండా గాలే బయటికి పోతుంది. తర్వాత తిప్పి రాయండి. జేబులోనైనా, బస్సులోనైనా పాళీ పైకే. ఇనుము, ఇత్తడి బ్యారెల్ చేతి వేడిని వెంటనే లోపలికి పంపుతుంది. ఎబొనైట్ నెమ్మదిగా పంపుతుంది, గోడ మందంగా ఉంటే ఇంకా నెమ్మది. అందుకే ఫిల్లర్ పెన్నులకు ఎబొనైట్ నప్పింది. రాజమండ్రిలో 1932 నుంచి పెన్నులు చేస్తున్న రత్నం వారి గురించి మాస్టారు చెప్పిన మాటలు, 1935లో గాంధీజీ వారికి ఉత్తరం రాసిన సంగతి, ఆ స్వదేశీ రోజుల ముచ్చట్లు అన్నీ చదివాక ఫిల్లర్ పెన్ను మీద గౌరవం పెరిగింది. మాస్టారూ, ఇంకా రాయండి.

పాళీ టిష్యూ తడవడానికి కారణం వేరు. పాళీకీ, దాని కింద ఉండే నాలుకకీ మధ్య సందు ఉంది. పెన్నును పక్కకి తిప్పి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడమన్న తమ్ముడికి ధన్యవాదాలు. చూస్తే సన్నటి వెలుగు గీత కనిపించింది. ఆ సందులో ఇంకు అదుపు లేకుండా నిలిచి బొట్టవుతుంది. ఒక్కోసారి అదే సందు వల్ల ప్రవాహం తెగి పెన్ను ఎండుతుంది కూడా. ఒకే లోపం రెండు రకాలుగా కనబడటం అంటే ఇదే.

నాలుక ఎబొనైట్‌దైతే దాన్ని వేడి నీళ్లతో పాళీకి అతికినట్టు కూర్చోబెట్టవచ్చు. ప్లాస్టిక్‌దైతే కుదరదు. గుర్తు పట్టడం సులువు: ఎబొనైట్‌ను గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తుంది, ప్లాస్టిక్ నాలుకకు నునుపు, మెరుపు, అచ్చు గీత ఉంటాయి. పాళీ, నాలుక రెండూ బయటికి తీయడానికి సైకిల్ ట్యూబు ముక్క వాడమన్న సలహా బంగారం. అర చేతిలో సగం ఉండే ముక్క చాలు. పాళీని, నాలుకను కలిపి పట్టుకుని తిప్పకుండా నిటారుగా లాగాలి. ఎండిన ఇంకు ఉంటే ముందు రాత్రంతా మామూలు చల్లటి నీళ్లలో నానబెట్టాలి. కడిగి మళ్లీ పెట్టేటప్పుడు పాళీ చీలిక, నాలుక మధ్య గాడి ఒకే గీతలో ఉండాలి. నాలుక కొస పాళీ బెజ్జం దాటి, మొనకు సగం దూరం దాకా వస్తే చాలు. ముందుకు జరిపితే ఇంకు ఎక్కువ, వెనక్కు జరిపితే తక్కువ.

తర్వాత నీళ్లు మరిగించి దించి రెండు నిమిషాలు ఆగి, పాళీ వరకే ముంచాలి. సెక్షన్‌కు వేడి నీళ్లు తగలకూడదు. ఎబొనైట్ వేడి నీళ్లకూ ఎండకూ నలుపు పోయి గోధుమ, ఆకుపచ్చ ఛాయలకు తిరుగుతుంది, ఆ రంగు మళ్లీ రావాలంటే పైపొర తీసి పాలిష్ పట్టాలి. 20 నుంచి 30 సెకన్లు ముంచి తీసి, గుడ్డ అడ్డు పెట్టుకుని బొటనవేలితో పాళీని నాలుక మీదికి నొక్కి, చల్లారే దాకా, ఇంకో 30 సెకన్లు పట్టుకోవాలి. మళ్లీ వెలుతురుకు పెట్టి చూడాలి. ఇక్కడ రెండోసారికి వెలుగు గీత పోయింది. మూడోసారి కూడా పోకపోతే పాళీ వంపే తప్పు, వేడి తప్పు కాదు.

ఇక గీత తెగడం. దీని మీద జరిగిన చర్చే అన్నిటికన్నా నచ్చింది. మన తెలుగు అక్షరం గుండ్రం. పాళీ అన్ని దిక్కులకూ తిరగాలి, కిందికే కాదు పైకీ తోయాలి. ఇంగ్లీషు రాసి చూసి బాగుందని తెచ్చుకున్న పాళీ ఠ దగ్గర మొరాయించడంలో ఆశ్చర్యం లేదు. కొనేటప్పుడు ఠ, ణ, ఘ, ఝ, ఋ పది పది సార్లు రాసి చూడమన్న అక్కగారి మాట ఇక మీద నియమం. సన్నటి అక్షరం రాసేవాళ్లకు ఫైన్ పాళీ మేలు. మీడియం పాళీతో, ఇంకు పీల్చే 70 జీఎస్‌ఎం జిరాక్స్ కాగితం మీద రాస్తే సున్నలు పూడిపోతాయి, ఒత్తులు మసకేస్తాయి. చదునుగా కోసిన ఇటాలిక్ పాళీలకు మూలలు ఉంటాయి, వట్రుసుడి తిప్పేటప్పుడు అవి కాగితాన్ని గీరతాయి.

సరిచేసే క్రమం ఇదీ. వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే 10 రెట్ల అద్దంతో మొనను ఎదురుగా చూడాలి. చీలికకు అటూ ఇటూ ఉండే రెండు రెక్కలూ ఒకే ఎత్తులో ఉన్నాయా? ఒకటి పైకి లేస్తే, దాన్ని గోటితో మెల్లగా కిందికి నొక్కి వదలాలి. ఒక్కసారే బలంగా కాదు, పది సార్లు కొద్దికొద్దిగా. ఎత్తు సరిగ్గా ఉన్నా మొదటి గీత పడకపోతే చీలిక లోపలి అంచులు మరీ గుండ్రంగా అరగదీసి ఉన్నట్టు. ఇంకు మొన దాకా వచ్చి కాగితాన్ని అందుకోలేకపోతుంది. ఇక్కడ ఉన్న లోపం అదే. 12000 నంబరు మైక్రోమెష్ (చాలా నున్నటి పాలిష్ గుడ్డ) మీద, పెన్నులో ఇంకు ఉండగానే, అసలు బరువు పెట్టకుండా 8 అంకె ఆకారంలో ఐదు సార్లు తిప్పి, కాగితం మీద రాసి చూసి, అవసరమైతే మళ్లీ ఐదు. మూడు విడతల్లో ఠ కుదిరింది. ఎక్కువ తిప్పితే మొన మీది గట్టి లోహం అరుగుతుంది, అది తిరిగి రాదు. గచ్చు మీద, బండ మీద పాళీ రుద్దే పాత అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి మానండి.

నీళ్ల గురించి హైదరాబాద్ మిత్రులు అందరూ ఒకే మాట అన్నారు: బోరు నీళ్లతో కడిగి వదిలేయొద్దు. ఆరాక తెల్లటి ఉప్పు నాలుక గాళ్లలో పేరుకుంటుంది. చివరి కడుగుడు ఆర్‌ఓ నీళ్లతో, లేదా ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో చేయాలి. చెవి కడిగే రబ్బరు బల్బుతో సెక్షన్ వెనక నుంచి నీళ్లు కొడితే పది నిమిషాల పని రెండు నిమిషాల్లో అవుతుంది. ఇంకు పోయడానికి మొద్దు సూది ఉన్న 3 మిల్లీలీటర్ల సిరంజి వాడితే బ్యారెల్ మరలకు ఇంకు అంటదు. డ్రాయింగ్‌కు వాడే ఇండియన్ ఇంకు మాత్రం ఎప్పుడూ వద్దు. దానిలో లక్క ఉంటుంది, ఎండితే గాడి శాశ్వతంగా మూసుకుపోతుంది.

పాళీ చీలికలో ఇరుక్కున్న కాగితపు పీచు తీయడానికి 0.05 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇత్తడి షిమ్ (సందులో దూర్చే పల్చటి) రేకు అడగగానే పోస్టులో పంపిన విజయవాడ అన్నయ్యగారికి, పోస్టు ఖర్చు కూడా తీసుకోనందుకు, ప్రత్యేకంగా నమస్కారాలు. రేకు ఇంకా చాలా మిగిలింది. కావలసినవాళ్లు చెప్పండి, సెంటీమీటరు వెడల్పు ముక్కలు కోసి, అట్టల మధ్య పెట్టి పంపుతాను. చీలికలో రేకును బెజ్జం వైపు నుంచి మొన వైపుకే లాగాలి. అడ్డంగా తిప్పితే రెక్కలు విడిపోతాయి.