రేపటి డాన్స్ క్లాసు శివాజీ పార్కులో

అందరికీ నమస్కారం. రేపు పొద్దున్న ఆరింటికి బీచ్ రోడ్డుకి కాదు, శివాజీ పార్కుకి రండి. మొన్న బీచ్‌లో ఉక్కపోతకి సగం మంది అరగంటకే కూలబడ్డారు, నాతో సహా.

ఈసారి థింసా మొదలుపెడుతున్నాం. అరకు వైపు ఆడవాళ్లు వీపుల వెనక చేతులు పెనవేసుకుని వరసగా ఆడతారే, అదే. చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది, పది నిమిషాలకే పిక్కలు పట్టేస్తాయి. అందుకే వార్మప్ తప్పనిసరి. ఆలస్యంగా వచ్చి నేరుగా వరసలో దూరకండి. మోకాళ్ల నొప్పులున్న పిన్నిగార్లు గెంతక్కర్లేదు, అడుగు కలిపితే చాలు.

18 దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన మూడు క్లాసులూ కలిపితే 135. మిగతా పావుగంట లిఫ్ట్ మానేసి మెట్లెక్కండి.

నీళ్ల సీసా ఎవరిది వాళ్లదే. వచ్చేవాళ్లు రాత్రిలోపు పేరు పెట్టండి.