రెండో బటన్

అంబత్తూరు, చెన్నై
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి నాన్న ఆశీర్వదించి రాసేది.

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే మేనేజరు ఇంటర్వ్యూ గురించి టెన్షన్ పడుతున్నావని తెలిసిపోయింది. నేనేదో చెప్పబోతే "మీ ఫ్యాక్టరీ వేరు, మా ఆఫీసు వేరు నాన్నా" అన్నావు. నిజమే. అందుకే ఉత్తరం రాస్తున్నా, ఇందులో అయితే మధ్యలో అడ్డుపడలేవు.

దీపావళికి వచ్చినప్పుడు ఇంటర్వ్యూ కోసం రాసుకున్న నోట్సు చూపించావు గుర్తుందా? సందర్భం ఏమిటి, నీ మీద పడ్డ పనేమిటి, నువ్వేం చేశావు, చివరికి ఏమైంది, ఈ వరుసలో చెప్పాలని, దాన్నే స్టార్ పద్ధతి అంటారని అన్నావు. బాగానే ఉంది, సోది తగ్గుతుంది. కానీ నువ్వు రాసుకున్న సంగతులన్నీ ఒకటే: ఏదో ఆగిపోయింది, రాత్రంతా కూర్చుని నువ్వే బాగుచేశావు. మంచి ఇంజినీరుకి అవి చాలు. మేనేజరుని వెతుక్కునేవాళ్లు నీ చేతుల్ని చూడరమ్మా. నీ మాట విని పనిచేసే చేతుల్ని చూస్తారు.

నీకెప్పుడూ చెప్పని సంగతొకటి చెప్తాను. 1991లో నేను షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. మా ఫ్యాక్టరీలో రేకుని నొక్కే పవర్ ప్రెస్‌కి రెండు బటన్లుండేవి, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి. రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్ దిగాలి. అంటే అది దిగే వేళకి రెండు చేతులూ డై అనే అచ్చు బయటే ఉంటాయన్నమాట. ఆ నెల ఒక ఆపరేటర్ లెక్క ఉన్నట్టుండి పెరిగింది. షిఫ్టుకి రెండొందల పీసులు ఎక్కువ. నేను రిజిస్టరులో ఆ అంకె వేసి, మురిసిపోయి, అందరి ముందూ అతన్ని మెచ్చుకున్నాను కూడా. నాలుగో రోజు దగ్గరికెళ్లి చూస్తే ఎడమ బటన్‌లో చిన్న చెక్కపేడు దోపి ఉంది. ఒక చేత్తో బటన్ నొక్కుతున్నాడు, రెండో చేత్తో డైలోకి రేకు పెడుతున్నాడు. పాత ప్రెస్సులు కదా, ఈ మోసం పట్టేవి కావు. ఇప్పటివైతే ప్రతిసారీ రెండు బటన్లూ వదిలి మళ్లీ నొక్కితేగానీ కదలవు.

ఆ పేడు పీకి జేబులో వేసుకున్నాను. అతన్ని తిట్టాలని నోటిదాకా వచ్చింది. అంతకు ముందు వారమే "లెక్క పెరగకపోతే ఓవర్‌టైమ్ లేదు" అని అరిచింది నేనే. చెక్క పెట్టింది అతనైనా, పెట్టించింది నేను. దేవుడి దయవల్ల ఎవరి వేలికీ ఏమీ కాలేదు.

ఫోర్‌మన్ ఇంటర్వ్యూలో "నీ వల్ల జరిగిన తప్పు చెప్పు" అంటే ఇదే చెప్పాను. వాళ్లు అతని సంగతి అడగలేదు, ఆ తర్వాత నువ్వేం మార్చావని అడిగారు. ఓవర్‌టైమ్‌ని లెక్కతో ముడిపెట్టడం మానేశాను, షిఫ్ట్ మొదట్లో బటన్లు నేనే నొక్కి చూడటం మొదలుపెట్టాను అన్నాను. ఉద్యోగం మాత్రం ఆసారి రాలేదు, సీనియర్‌కి ఇచ్చారు. ఏడాదిన్నర తర్వాత వచ్చింది. కాబట్టి నా సలహాకి గ్యారంటీ లేదు!

నీ దగ్గరా అలాంటి సంగతి ఉంది. కొత్తగా చేరిన అబ్బాయి రాసిందంతా రాత్రిళ్లు నువ్వే తిరగరాసేదానివని, మూడు నెలలకి అతను "అక్కా, నాకసలు ఏమీ రావట్లేదు" అన్నాడని చెప్పావు కదా. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని అతని చేతే రాయించావు. నోట్సులో అదెక్కడా లేదు. సిగ్గుపడి వదిలేసి ఉంటావు. అదే చెప్పు, రెండు నిమిషాల్లో.

ఇంకో మాట. నువ్వు ప్రతిదానికీ "మేం చేశాం" అంటావు. టీమ్ చేసింది టీమ్‌దని చెప్పు, కానీ నిర్ణయం నీదైన చోట "నేను" అను. అడగడానికేమైనా ఉందా అని వాళ్లంటే నా కింద ఎంతమంది, ఈ కుర్చీ ఎందుకు ఖాళీ అయింది, ఆర్నెల్లకి నా పని బాగుందని దేన్ని చూసి అంటారు, ఇవి అడుగు. జీతం మాట ముందుగా నువ్వు ఎత్తకు.

ఇంటర్వ్యూకి ఎలక్ట్రానిక్ సిటీ వెళ్లడానికి క్యాబ్ వద్దు, సిల్క్ బోర్డు దగ్గర బెంగళూరు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటావు. ఆర్‌వీ రోడ్ స్టేషన్ మీ ఇంటికి దగ్గరేగా, యెల్లో లైన్ మెట్రో ఎక్కు. 2025 ఆగస్టులో మొదలైనప్పుడు 25 నిమిషాలకొక రైలు ఉండేది. ఇప్పటి టైములు ముందురోజే చూసుకో.

మీ అమ్మ నిమ్మకాయ పచ్చడి బస్సులో పంపింది. సీసా మూత సరిగా పట్టట్లేదు, నిలువుగా పట్టుకెళ్లు.

నాన్న