బోస్నియా పుస్తకాల కట్ట విషయంలో నేను చేసిన పొరపాటు

పాఠక మిత్రులకు నమస్కారం.

ఇంగ్లీషు రచయిత్రి రెబెక్కా వెస్ట్ యాత్రాగ్రంథం 'బ్లాక్ ల్యాంబ్ అండ్ గ్రే ఫాల్కన్', యుగోస్లావ్ రచయిత ఇవో ఆండ్రిచ్ నవల 'ద బ్రిడ్జ్ ఆన్ ద డ్రీనా' కలిపి ఒక కట్టగా ఇస్తున్నామనీ, ఈ రెండూ చదివితే 1992-95 నాటి బోస్నియా యుద్ధం ఎందుకు వచ్చిందో బోధపడుతుందనీ గత నెల మీకు పంపిన ప్రకటనలో రాశాను. అక్కడి సెర్బులు, క్రొయాట్లు, బోస్నియాక్‌ల (బోస్నియా ముస్లింల) మధ్య "శతాబ్దాల పగ" అన్న మాట కూడా వాడాను. కట్ట కొన్న ఒక పాఠకురాలు దుకాణానికి వచ్చి, "ఈ రెండూ ఆ యుద్ధానికి దాదాపు యాభై ఏళ్ల ముందువి కదండీ, ఇందులో ఆ యుద్ధం ఎక్కడుంది?" అని అడిగారు. ఆమె అడిగింది న్యాయం. తప్పు నాది.

వెస్ట్ 1936-38 మధ్య మూడుసార్లు, అప్పట్లో బోస్నియా కూడా భాగంగా ఉన్న యుగోస్లావియాలో పర్యటించి, 1941లో ఈ పుస్తకం ప్రచురించారు. వెయ్యి పేజీలు దాటినా విసుగు పుట్టని వచనమే గానీ, సెర్బుల మీద ఆమెకున్న అభిమానాన్ని గుర్తుంచుకుని చదవాలి. ఆండ్రిచ్ తన నవలను జర్మన్ల ఆక్రమణలో ఉన్న బెల్‌గ్రేడ్‌లో రాశారు. అది 1945లో వెలువడింది. బోస్నియాలోని విషెగ్రాడ్ ఊళ్లో డ్రీనా నది మీద 16వ శతాబ్దంలో కట్టిన వంతెనే అందులో కథానాయిక. దాని నడుమ వెడల్పు చేసిన చోటును కాపియా అంటారు. అక్కడ ఒక పక్క రాతి అరుగు, ఎదురుగా కాఫీ కాచేవాడు, ఊరి కబుర్లన్నీ అక్కడే. నేను ఎన్నిసార్లు చదివినా ఆ అరుగు దగ్గరే ఆగిపోతాను. అయితే నవల 1914తో ముగుస్తుంది. 1992లో అదే వంతెన మీద బోస్నియాక్ పౌరులను చంపి నదిలో పడేశారన్న సంగతి నా కట్ట కొన్నవారికి తెలిసే దారే లేదు.

"శతాబ్దాల పగ" అన్న మాటను పూర్తిగా ఉపసంహరించుకుంటున్నాను. బోస్నియా చరిత్ర నిరంతర ద్వేషాల చరిత్ర కాదని బ్రిటిష్ చరిత్రకారుడు నోయెల్ మాల్కమ్ 1994 నాటి 'బోస్నియా: ఎ షార్ట్ హిస్టరీ'లో ఓపికగా వాదించారు. 1992 ఆగస్టులో బోస్నియా రాజధాని సరాయెవోలోని జాతీయ గ్రంథాలయం ఫిరంగి గుండ్లకు తగలబడుతున్నప్పుడు, సిబ్బందీ నగరవాసులూ ప్రాణాలకు తెగించి చేతికందిన పుస్తకాలను బయటికి చేరవేశారు. లక్షలాది పుస్తకాలు బూడిదయ్యాయి. పుస్తకాలమ్మే నేను ఆ నగరం గురించి అలాంటి మాట అచ్చువేయకుండా ఉండవలసింది.

ఇక నుంచి మాల్కమ్ పుస్తకమూ, ఐక్యరాజ్యసమితి "సురక్షిత ప్రాంతం"గా ప్రకటించిన బోస్నియా పట్టణం గొరాజ్దెకు స్వయంగా వెళ్లి చిత్రకారుడైన పాత్రికేయుడు జో సాకో బొమ్మల్లో చెప్పిన 'సేఫ్ ఏరియా గొరాజ్దె' కూడా కట్టలో ఉంటాయి. పాత కట్ట తీసుకున్నవారికి మాల్కమ్ పుస్తకాన్ని సగం ధరకే ఇస్తాను. వద్దనుకున్నవారు పుస్తకాలు తెచ్చిస్తే, చదివి ఉన్నా సరే, పూర్తి సొమ్ము వెనక్కి ఇస్తాను.

మరొక లోపం కూడా చెప్పాలి. ఈసారి వచ్చిన వెస్ట్ ప్రతుల్లో పటం రెండు పేజీల మీదుగా పడి, డ్రీనా నది సగం కుట్టులోకి పోయింది. నదులూ ఊళ్లూ తెలుగులో గుర్తించిన పటాన్ని విడి కాగితం మీద వేయిస్తున్నాను; పాత కట్టవారు కూడా దుకాణంలో అడిగి ఉచితంగా తీసుకోవచ్చు.