సీడు పత్తి చేను దాకా చేరని నివేదికలు: కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

వ్యాపారాలు, మానవ హక్కులపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక తొలి ముసాయిదాను మీ శాఖ 2019లో విడుదల చేసింది. అదే ఏడాది బాధ్యతాయుత వ్యాపారానికి తొమ్మిది సూత్రాలతో జాతీయ మార్గదర్శకాలూ ఇచ్చింది. అందులో ఐదో సూత్రం మానవ హక్కులదే. వాటి ఆధారంగా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తెచ్చిన బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరతపై కంపెనీలు ఏటా ఇచ్చే నివేదిక) 2022-23 నుంచి వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి అయింది. ముసాయిదా మాత్రం ముసాయిదాగానే ఉండిపోయింది. ఈలోగా జపాన్ 2020లో, పాకిస్తాన్ 2021లో తమ ప్రణాళికలు ప్రకటించాయి.

ప్రణాళిక తుదిరూపంలో ఏం ఉండాలో చెప్పడానికి ఒక్క పంటను తీసుకుంటాం. జోగులాంబ గద్వాల, నంద్యాల ప్రాంతాల్లో పండే హైబ్రిడ్ సీడు పత్తి, అంటే విత్తనం కోసమే పండించే పత్తి అది.

ఈ పంటలో విత్తనం దానంతటది రాదు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఆడ మొక్కపై సాయంత్రమే వెతికి పట్టుకుని, రేకులూ కేసరాలూ ఒలిచేయాలి. తెల్లవారాక మగ మొక్క పువ్వు తెచ్చి దాని పుప్పొడిని రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. రెండు నెలలకు పైగా ఒక్క రోజు కూడా ఆపడానికి లేదు. ఒలవకుండా వదిలేసిన మొగ్గ సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది, ఆ గింజ కలిస్తే జన్యు స్వచ్ఛత పరీక్షలో ఆ రైతు విత్తనం లాటు (మొత్తం సరుకు) ఫెయిలవుతుంది. అందుకే సాగు ఖర్చులో కూలిదే పెద్ద వాటా. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి కాబట్టి ఈ పనికి వాళ్లే తగినవాళ్లని చెప్పే మాటను ఎవరూ నమ్మవద్దు. అసలు కారణం వాళ్ల కూలి తక్కువ కావడమే.

కంపెనీ విత్తనం ధరను ముందే ఖాయం చేస్తుంది. ఒప్పందం చాలాచోట్ల ఆర్గనైజర్‌తోనే, అంటే కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే దళారీతోనే. ఆర్గనైజర్ రైతుకు పెట్టుబడి అప్పుగా ఇస్తాడు, రైతు కూలీలకు అడ్వాన్సు ఇస్తాడు. పరీక్ష ఫలితం వచ్చేదాకా పూర్తి డబ్బు చేతికి రాదు. లాటు ఫెయిలైతే నష్టం రైతుదే. ధర పెంచమని అడగలేని రైతుకు తగ్గించడానికి మిగిలేది కూలి ఒక్కటే. కుటుంబ పనిలో బడి వేళల తర్వాత పిల్లలు సాయపడవచ్చని 2016 చట్టసవరణ ఇచ్చిన మినహాయింపు ఇక్కడ పెద్ద సందు. సాయంత్రం మొగ్గలు ఒలిచే వేళ సరిగ్గా బడి వదిలిన తర్వాతే.

ఇప్పుడు మన బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక ఈ చేను దాకా ఎందుకు చేరదో చూడండి. ఐదో సూత్రం కింద బాలకార్మికులపై ఎన్ని ఫిర్యాదులు వచ్చాయన్న ప్రశ్న ఉంది, కానీ గద్వాల చేనులోని పిల్ల హైదరాబాద్‌లోని కార్యాలయానికి ఫిర్యాదు రాయదు. కాబట్టి అక్కడ సున్నా కనిపిస్తే అది పిల్లలు లేరనడానికి రుజువు కాదు. మానవ హక్కుల ముప్పును కంపెనీయే వెతికి సరిదిద్దే పరిశీలన, సరఫరాదారుల తనిఖీ రెండూ ‘లీడర్‌షిప్’ సూచికల్లో ఉన్నాయి, అంటే ఐచ్ఛికం. సరఫరాదారుల వివరాలపై 2023లో వచ్చిన నిబంధన అతి పెద్ద 250 లిస్టెడ్ కంపెనీలకే పరిమితం. 2025 మార్చిలో దాన్ని ఇంకా సడలించి, కంపెనీ కొనుగోళ్లలో లేదా అమ్మకాల్లో విడివిడిగా 2 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్నవారికే వర్తింపజేశారు. అదీ స్వచ్ఛందంగానే. ఏటా 500 కోట్ల కొనుగోళ్లున్న కంపెనీకి 2 శాతమంటే 10 కోట్లు. రెండెకరాల రైతు ఆ లెక్కలోకి ఎన్నటికీ రాడు. వచ్చినా, సరఫరాదారుల నుంచి అడిగే బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ (ఆ నివేదికలోని కీలక అంశాల చిన్న జాబితా) అంశాల్లో బాలకార్మికుల ప్రశ్న లేదు.

పరిశీలనను తప్పనిసరి సూచికల్లోకి తేవాలి. ఎవరిని తనిఖీ చేయాలన్నది కొనుగోలు శాతం చూసి కాక, ముప్పు ఎక్కడ ఎక్కువో చూసి తేల్చాలి. సీడు పత్తికైతే ఆర్గనైజర్ల జాబితా, గ్రామాలు, ఎకరాలు నివేదికలో ఉండాలి.

విత్తన కంపెనీలు చాలావరకు లిస్టెడ్ కావు, కాబట్టి వాటిని అడిగే అధికారం సెబీకి లేదు. మీ శాఖ అడగగలదు. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చుల కోసం 2022లో సీఎస్‌ఆర్-2 ఫారం తెచ్చినట్టే దీనికీ ఒక ఫారం తేవచ్చు. సీఎస్‌ఆర్ నిధులతో ఊళ్లో బడి గది కట్టడం మంచిదే. కానీ దాన్ని పెద్దలకు కనీస కూలి గిట్టే కొనుగోలు ధరకు బదులుగా చూపనివ్వకూడదు. ధర ఖాయం చేసేటప్పుడు ఎకరానికి క్రాసింగ్ ఎన్ని పనిదినాలు, రోజుకు ఎంత కూలి లెక్క కట్టారో కంపెనీ బయటపెట్టాలి.

పిల్లలు దొరికితే రైతు ఒప్పందం రద్దు చేయడం కొన్ని కంపెనీల పద్ధతి. అది ప్రమాదకరం. పిల్ల పక్క చేనుకు పోతుంది, రైతు మరుసటి ఏడాది దాచడం నేర్చుకుంటాడు. బడిలో చేర్చి, పెద్దల కూలికి తేడా కంపెనీయే భరించి, కొనుగోలు కొనసాగించాలి.

తనిఖీలు ఆగస్టు, సెప్టెంబరుల్లో, ముందస్తు కబురు లేకుండా, సాయంత్రం మొగ్గలు ఒలిచేటప్పుడు, ఉదయం పుప్పొడి రుద్దేటప్పుడు జరగాలని ప్రణాళికలోనే రాయండి. మిట్టమధ్యాహ్నం వెళ్లిన అధికారికి ఈ పని కనిపించదు.

ఇట్లు,
వ్యవసాయ సరఫరా గొలుసుల్లో కార్మిక హక్కులపై పనిచేస్తున్నవాళ్లం